రంగం తాతను విమానం ఎక్కించాను

మా రంగం తాత నేను ఉద్యోగం చేసే కల్బా ఎదుటి సముద్రంలో విమానంతో సహా మునిగిపోయాడని నేను చాలా ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకుని ఉంటే ఈ రాతతో పని ఉండేది కాదు. నమ్మినదాన్ని నిజమని పదిమందికీ చెప్పాను. ఇక్కడ సంక్రాంతికి కలిసే తెలుగు కుటుంబాలకు చెప్పాను. సెలవుల్లో ఊరెళ్తే పెళ్లిపందిళ్లలో చెప్పాను. నా కూతురి చేత బళ్లో వ్యాసం రాయించాను. ఒక కార్తీకమాసం సాయంత్రం ఇంటిల్లిపాదినీ కల్బా ఒడ్డుకు తీసుకెళ్లి, ఆ నీళ్లలో పూలు వదిలి, ఆయనకు దండం పెట్టించాను.

ఆయన ఆ విమానం ఎక్కలేదు. ఏ విమానమూ ఎక్కలేదు. ఆయన పోయింది ఈ సముద్రం దగ్గర కాదు, ఈ దిక్కునే కాదు.

రంగం తాత మా ముత్తాతకు సొంత తమ్ముడు. రంగం అంటే రంగూన్. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పాత ఇళ్లలో ఈ మాట తెలియనివాళ్లు ఉండరు. కళింగపట్నంలోనో, భీమిలిలోనో, కాకినాడలోనో ఓడెక్కి రేవులో మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి, రిక్షా లాగడానికి మనవాళ్లు అక్కడికి పోయారు. మేస్త్రీ ఊళ్లోకొచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. ఆ అప్పు తీరేదాకా మనిషి మేస్త్రీ మనిషే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పదిలక్షల మందికి పైగా భారతీయులుంటే, వాళ్లలో లక్షన్నరకు పైగా తెలుగువాళ్లు. రంగూన్ నగరంలో సగానికి మించి మన దేశపు జనమే.

మా ఇంట్లో ఆయన గురించి మిగిలింది మా మామ్మ చెప్పిన రెండు మాటలు. "రంగం తాత ఇమానాల మూలంగా పోనాడు. ఓడ మీద రావలిసినోడు, సముద్రం దాటి రానేకపోనాడు." చిన్నప్పుడు ఈ రెండు మాటలూ విని నిద్రపోయేవాణ్ని. విమానం, సముద్రం. ఇవి రెండే నా మనసులో ఉండిపోయాయి. ఓడ జారిపోయింది.

తరవాత ఉద్యోగం నన్ను కల్బాకు తెచ్చింది. షార్జా ఎమిరేట్‌కు చెందిన ఊరే అయినా కల్బా షార్జాకు ఆనుకుని ఉండదు. హజర్ కొండలు దాటి, వాదీ అల్ హెలో మీదుగా ఈవలి తీరానికి దిగి రావాలి. పక్కనే ఫుజైరా, దక్షిణాన ఒమాన్ సరిహద్దు. ఊరి చివర ఖోర్ కల్బా మడ అడవులు. ఎదురుగా ఒమాన్ సింధుశాఖ. ఒక కట్టడాల కంపెనీలో టైమ్ కీపర్ పని నాది. ఎవరు పనికొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఇదంతా రాసుకోవడం.

ఈ చిన్న ఊరికి విమానాలతో గట్టి సంబంధం ఉంది. 1930లలో బ్రిటిష్ వాళ్ల ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు లండన్ నుంచి కరాచీకి, అక్కడి నుంచి ఢిల్లీ, కలకత్తా, రంగూన్ మీదుగా సింగపూర్‌కు పోయేవి. 1932లో షార్జాలో విమానాశ్రయం కట్టారు. ప్రయాణికులు రాత్రి బస చేసిన ఆ కోట ఇప్పుడు అల్ మహత్తా మ్యూజియం. ఆపదలో దిగడానికి ఈవలి తీరాన కూడా వాళ్లకు ఒక మైదానం కావలసి వచ్చింది. అందుకోసం 1936లో కల్బా షేక్ సయీద్ బిన్ హమద్ అల్ ఖాసిమీతో ఒప్పందం చేసుకుని, కల్బాను ప్రత్యేక రాజ్యంగా గుర్తించారు. ఒక దిగుడు మైదానం కోసం ఒక రాజ్యం ఏర్పడింది. ఆ షేక్ మరుసటి ఏడే పోయాడు. 1950ల మొదట్లో కల్బా మళ్లీ షార్జాలో కలిసింది. ఆ షేక్ ఇల్లు ఇవాళ్టికీ ఊళ్లో మ్యూజియంగా నిలిచి ఉంది.

ఈ చరిత్ర చదువుతుండగానే హనిబాల్ కథ నా కంటబడింది. హనిబాల్ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ పెద్ద విమానాల్లో ఒకటి. హాండ్లీ పేజ్ వాళ్లు కట్టిన హెచ్‌.పి.42. ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు, నాలుగు ఇంజన్లు, గంటకు 160 కిలోమీటర్ల వేగం. 1940 మార్చి 1న అది ఇరాన్ తీరంలోని జాస్క్ నుంచి షార్జాకు బయలుదేరింది, చేరలేదు. వెతికినా విమానం దొరకలేదు, మనుషులూ దొరకలేదు. కల్బా ఒడ్డున నిలబడి ఈశాన్యానికి చూస్తే, నీళ్లకు అవతల సుమారు 150 కిలోమీటర్లలో ఉంటుంది జాస్క్. నడుమ ఎక్కడో ఈ సింధుశాఖలో అది పోయిందనుకోవడమే తప్ప ఎందుకు పోయిందో నేటికీ తేలలేదు.

అందులో ఉన్నది ఎనిమిది మంది. నలుగురు సిబ్బంది, నలుగురు ప్రయాణికులు. ఒకరు బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన ఎయిర్ కమడోర్ హెరాల్డ్ విస్లర్, మొదటి ప్రపంచయుద్ధంలో పేరు తెచ్చుకున్న పైలట్. ఇంకొకరు సర్ ఎ.టి. పన్నీర్‌సెల్వం. జస్టిస్ పార్టీ నాయకుడు, బారిస్టరు, రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లి వచ్చినవాడు. బొబ్బిలి రాజా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో ఆయనతో పాటు పెద్ద పదవి చేశాడు. 1937లో కూర్మా వెంకటరెడ్డి నాయుడు కొద్ది నెలలు ప్రధానిగా ఉన్నప్పుడూ ఆ మంత్రివర్గంలో ఉన్నాడు. భారత వ్యవహారాల మంత్రికి సలహాదారుగా లండన్ వెళ్తూ ఈ దారిన పోయాడు. తమిళనాడులో ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు.

బొబ్బిలి పేరు కనబడగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. మా వైపు రాజు, ఆయనతో పాటు పదవి చేసిన మనిషి, విమానం, సముద్రం. నేను ఉద్యోగానికి వచ్చిన ఊరికి ఎదురుగానే. ఆ రాత్రే నా మనసులో మా రంగం తాత ఆ విమానం ఎక్కేశాడు.

ఎలా ఎక్కాడన్న ప్రశ్న నాకు రాకపోలేదు. వచ్చిన ప్రతి ప్రశ్నకూ నేనే ఒక జవాబు తయారుచేశాను. రంగూన్‌లో ఉన్నవాడు కరాచీ దాటి ఎందుకు వస్తాడు? రంగూన్ కూడా ఆ విమానాల దారిలోనిదే కదా, ఏ దొర దగ్గరో కొలువు చేస్తూ దొరతో వచ్చి ఉంటాడు. టిక్కెట్టుకు డబ్బెక్కడిది? దొర పెట్టి ఉంటాడు. ఎనిమిది మందిలో మా ఇంటిపేరు లేదే? నౌకర్ల పేర్లు ఎవరు రాస్తారు? ఈ చివరి జవాబు నాకు అన్నిటికన్నా నచ్చింది. అందులో నాకు కోపం కూడా దొరికింది. పెద్దవాళ్ల పేర్లు రాసుకుని మావాడి పేరు వదిలేశారని, జరగని అన్యాయానికి కొన్నేళ్లు బాధపడ్డాను. విమానం బరువు లెక్కచూసుకుని ఎగురుతుందనీ, ఎక్కిన ప్రతి మనిషీ లెక్కలోకి వస్తాడనీ నాకు తెలుసు. రోజూ మనుషుల్ని లెక్కపెట్టే పని చేసేవాణ్ని, అది తెలియకపోవడం ఏమిటి?

మా ఊరి ఇంట్లో బర్మా టేకు పెట్టె ఉంది. రంగం తాత ఒకసారి ఊరొచ్చినప్పుడు తెచ్చిందే. ఓడ డెక్కు మీద మూటలతో పాటు వచ్చిన పెట్టె. దానిమీద కూచునే నేను కజిన్లకు హనిబాల్ కథ చెప్పాను.

అన్నిటికన్నా పెద్ద తప్పు మా మామ్మ దగ్గర చేశాను. అప్పటికి ఆమె బతికే ఉంది. చెవులు మందగించాయి గానీ మాట స్పష్టం. కల్బా నుంచి ఫోన్ చేసి, "మామ్మా, రంగం తాత విమానం సముద్రంలో పడిపోయింది కదూ?" అని అరిచాను. "ఔను బాబూ, ఇమానాలే," అంది. "1940లోనే కదూ?" అన్నాను. "ఆ యుద్ధం రోజులే," అంది. నాకు కావలసిన ఔను దొరికింది, ఫోన్ పెట్టేశాను. ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. మళ్లీ మాట్లాడతానన్నాను. మళ్లీ మాట్లాడినప్పుడు ఆరోగ్యం గురించీ, పిల్లల చదువు గురించీ మాట్లాడాను. అది నిర్ధారణ అయిపోయిన సంగతి అనుకున్నాను. నేను అడిగినవన్నీ ఔను అనిపించే ప్రశ్నలే. "ఏం జరిగింది మామ్మా?" అని ఒక్కసారి అడిగి ఊరుకుని ఉంటే ఆమె గంటసేపు చెప్పేది.

ఆమె పోయాక, మా నాన్న అక్కగారు నిజం చెప్పింది. మేనత్తది విశాఖలో కంచరపాలెం. బర్మా నుంచి 1960లలో తిరిగొచ్చిన కుటుంబాలకు అక్కడ బర్మా క్యాంపు ఉండడం వల్ల ఆ ఇరుగుపొరుగుతో రంగం మాటలు ఆమెకు కొత్త కాదు. సెలవులో వెళ్లి ఆమెకు నా పరిశోధన అంతా చెప్పాను. విమానం బొమ్మ చూపించాను. బొమ్మ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి తిరిగి ఇచ్చింది.

"ఇమానం ఎక్కడానికి ఆడేటి దొరా బాబూ? మూటలు మోసీవోడు. నడిసొస్తూ పోనాడు."

ఆమె తన తల్లి నోట విన్నది విన్నట్టు చెప్పింది. నేను తరవాత చదివినదంతా ఆమె మాటకు సరిగ్గా సరిపోయింది.

రంగం తాత రేవు కూలీ. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ల బదులు బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనికి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. మే 26న తగవు మొదలై ఊరంతా అల్లరి అయింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మన తెలుగు కూలీలే. ఆ గొడవలో తాత తలకు కత్తి దెబ్బ తగిలిందట. దాని మచ్చతో ఒకసారి ఊరొచ్చాడు. పెట్టె అప్పుడు తెచ్చిందే. ఇక వెళ్లొద్దని ఇంట్లో ఏడ్చారు. మేస్త్రీ అప్పు ఉంది, వెళ్లాడు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు మీద కూడా. బాంబు దాడి అంటే ఏమిటో తెలియని జనం వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూస్తుండగానే వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. మామ్మ చెప్పిన "ఇమానాలు" ఇవీ. రేవు కూలీలు పట్నం వదిలి ఉత్తరంగా ప్రోమ్ వైపు నడిచారు. రేవు ఆగిపోతే యుద్ధ సామాను దిగదని ప్రభుత్వం నచ్చజెప్పి చాలామందిని వెనక్కి తెచ్చింది. కూలి పని చేసే మగవాళ్లకు ఓడల్లో డెక్కు టిక్కెట్లు ఆపేసింది. "ఓడ మీద రావలిసినోడు, రానేకపోనాడు" అన్నది ఇది. ఆ సముద్రం బంగాళాఖాతం. మా ఊరి ఎదుటి సముద్రమే.

1942 మార్చి 8న రంగూన్ జపాను చేతిలో పడింది. అప్పటికే లక్షలమంది దారి పట్టారు. కొందరు తాము అనే ఊరు, ఇంఫాల్ మీదుగా అస్సాంకు. మన కూలీలు ఎక్కువగా పోయింది ప్రోమ్ నుంచి అరకాన్ కొండలెక్కి, తౌంగుప్ కనుమ దాటి, అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్‌కు. ఆ కొండదారిలో నీళ్లు లేవు. ఉన్నచోట కలరా ఉంది. మొత్తం నాలుగైదు లక్షలమంది బర్మా వదిలి వచ్చారని అంచనా. దారిలో పోయినవాళ్లు 10,000 అని కొందరు, 50,000 అని కొందరు, ఇంకా ఎక్కువని మరికొందరు లెక్కగట్టారు. చరిత్రకారుడు హ్యూ టింకర్ దీన్ని మరిచిపోయిన మహాప్రయాణంగానే రాశాడు.

మా తాత ఆ కొండల్లో కలరాతో పోయాడు. పక్క ఊరివాడు ఒకడు ఆయనతో నడిచాడు. ఆయన లేవలేకపోతే ఒక పూట కూచున్నాడు, తరవాత తనూ నడవాలి కాబట్టి నడిచాడు. ఊరు చేరి మా ముత్తాతకు కబురు చెప్పాడు. మా ఇంట్లో దినం చేసిన తేదీ ఆ కబురు అందిన తేదీ.

"ఆయన పేరేంటత్తా?" అని అప్పుడు అడిగాను.

"రంగం తాతనే అనీవోళ్లం. అసలు పేరు మా అమ్మకి తెలుసు."

అక్కడ నాకు మాట ఆగిపోయింది. అన్నేళ్లుగా నేను విమాన ప్రయాణికుల జాబితాలో వెతికింది ఇంటిపేరు ఒక్కటే. ఆ మనిషి పేరు నాకు తెలియదు. ఎనిమిది పేర్లు ముందు పెట్టుకుని, నా చేతిలో ఒక్క పేరూ లేకుండా వెతికాను. పేరు తెలిసిన మనిషి ఫోన్‌లో ఉండగా ఆమెను ఔను అనమని అడిగాను.

ఇంత తెలివితక్కువగా ఎందుకు ప్రవర్తించానని చాలా ఆలోచించాను. చరిత్ర తెలియక కాదు. రంగూన్ కూలీలు, కొండల్లో నడక, కలరా, ఇవి నేను బళ్లో చదవకపోయినా మా ఊళ్లో విన్నవే. నాకు కూలి తాత వద్దనిపించాడు. సర్ బిరుదున్న మనిషితో పాటు సముద్రంలో కలిసిపోయిన తాత కావాలనిపించాడు. కల్బాలో నా చుట్టూ ఉన్నవాళ్లు జగిత్యాల, నిజామాబాద్, శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీలు. ఏజెంటుకు కట్టిన అప్పుతో వచ్చినవాళ్లు. క్యాంపు బస్సు దిగి ఎండలోకి పోయేవాళ్లు. వాళ్ల పేర్లు నేను రోజూ రాస్తాను. కాగితం పట్టుకుని నీడలో నిలబడే నాకూ వాళ్లకూ ఏదో తేడా ఉందని నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. అందుకు మా వంశంలో ఒక విమానం అవసరమైంది. ఇది ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది, కానీ నిజం ఇదే. రంగం తాత మోసిన మూటల్ని ఆయన వీపు మీంచి దింపేశాననుకున్నాను. నిజానికి ఆయన బతుకునే తీసేసి, ఇంకెవరి చావునో తెచ్చి పెట్టాను. పన్నీర్‌సెల్వం గారి కుటుంబానికి చెందిన దుఃఖాన్ని కూడా అడక్కుండా వాడుకున్నాను.

మరో సంగతి కూడా తెలుసుకున్నాను. మారిషస్, నాటాల్, ఫిజీ వెళ్లిన మన గిర్‌మిట్ కూలీలకు, అంటే ఒప్పందం మీద పోయిన కూలీలకు, రికార్డులు ఉన్నాయి. ఓడ పేరు, తండ్రి పేరు, ఊరు, నంబరు. 1860లో మద్రాసు నుంచి నాటాల్ వెళ్లిన ట్రూరో ఓడ జాబితా ఇప్పటికీ ఉంది. మారిషస్‌లో మహాత్మా గాంధీ సంస్థలో ఆ కాగితాలు, కొందరి ఫొటోలు కూడా భద్రంగా ఉన్నాయి. వాటిని పట్టుకుని నాలుగో తరం వాళ్లు తమ ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. బర్మాకు పోయినవాళ్లకు ఆ భాగ్యం లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఒక భాగం. అక్కడికి పోవడం పరదేశం పోవడం కాదు. గిర్‌మిట్ ఒప్పందమూ లేదు. డెక్కు టిక్కెట్టు కొనుక్కుని ఎక్కినవాడి పేరు మేస్త్రీ పుస్తకంలో ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఆ పుస్తకాలు మిగలలేదు. హనిబాల్‌తో పోయిన ఎనిమిది మందికీ పేర్లున్నాయి. తౌంగుప్ దారిలో పోయిన వేలమందికి జాబితా లేదు. వాళ్ల పేర్లు ఉన్నది ముసలివాళ్ల నోళ్లలో మాత్రమే. వాళ్లు పోతే ఆ పేర్లు పోతాయి. మా ఇంట్లో పోయింది.

ఇక్కడ ఎవరైనా పోతే శవాన్ని పంపే కాగితాల్లో నేనూ ఒక చెయ్యి వేస్తుంటాను. మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, దుబాయ్‌లోని మన కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్ సర్టిఫికెట్, కార్గో బుకింగ్. ప్రతి కాగితం మీదా పేరు సరిగా ఉందా అని అక్షరం అక్షరం చూస్తాను. ఒక్క అక్షరం తేడా వస్తే పెట్టె కదలదు. ఆ పని ఇన్నేళ్లు శ్రద్ధగా చేశాను. మామ్మను ఒక్క పేరు అడగలేకపోయాను.

మీ ఇంట్లో రంగం పోయినవాళ్లు ఉన్నారా? ఎనభై, తొంభై ఏళ్ల పెద్దవాళ్లు ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి కూచోండి. మీకు తెలిసినదేదీ వాళ్ల ముందు పెట్టకండి. ముందు పేరు అడగండి. తరవాత ఏ రేవులో ఓడెక్కాడో, ఏ మేస్త్రీ తీసుకుపోయాడో, ఏ పని చేశాడో, తిరిగొచ్చాడా లేదా, రాకపోతే కబురు ఎవరు తెచ్చారో అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. రికార్డు చేయగలిగితే మరీ మంచిది. వాళ్లు ఆగితే మీరూ ఆగండి, మాట అందించకండి.

నా నోట హనిబాల్ కథ విన్నవాళ్లకు ఒక మనవి. ఆ విమానంలో మా ఇంటివాళ్లెవరూ లేరు. మా రంగం తాత రంగూన్ రేవు కూలీ. 1942లో బర్మా నుంచి నడిచి వస్తూ అరకాన్ కొండల్లో కలరాతో పోయాడు. నేను చెప్పింది ఎక్కడైనా రాసుకుని ఉంటే దిద్దుకోండి.